కుటుంబ వైద్యులకు బహిరంగ లేఖ: ఆమెను ఏకాంతంగా అడగండి, చెప్పింది రికార్డులో రాయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని కుటుంబ వైద్యులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులకు, బస్తీ దవాఖానాల వైద్యులకు, వైద్యుల సంఘాల బాధ్యులకు, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు

గౌరవనీయులైన మీకందరికీ నమస్కారం.

గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం కింద బాధితుల తరఫున మేజిస్ట్రేటు కోర్టుల్లో వాదించే న్యాయవాదిని నేను. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ పోలీసు స్టేషనుకో, మా ఆఫీసుకో రావడానికి చాలా ముందే మీ దగ్గరికి వచ్చి ఉంటుందని, అదీ ఒకసారి కాదు, పలుసార్లు వచ్చి ఉంటుందని, వాళ్లు వెంట తెచ్చుకునే మందుల చీటీలు చూస్తే తెలుస్తుంది. హింస మాట మీ రాతల్లో ఎక్కడా లేకపోవడం వల్ల జరుగుతున్న నష్టాన్ని వివరిస్తూ, ఈ కేసుల్లో నాతోపాటు పనిచేస్తున్న కౌన్సెలర్లు, కార్యకర్తలు, నేను కలిసి మా జిల్లా వైద్యాధికారులకు, స్థానిక వైద్యుల సంఘానికి వినతిపత్రాలు ఇచ్చాం. అందినట్లు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు, గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకూ జవాబు లేదు. అందుకే ఇప్పుడు ఈ విషయాన్ని నలుగురి ముందూ పెడుతున్నాం.

ఉదయం ఓపీలో వరుసగా రోగులను చూసే వైద్యుడికి ఒక్కొక్కరితో మాట్లాడే వ్యవధి ఎంత తక్కువో మాకు తెలుసు. మేం కోరుతున్నది కూడా ఆ కొద్ది నిమిషాల్లో చేయగలిగినదే. ముందుగా వాస్తవాలు.

1. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కల ప్రకారం, 18 నుంచి 49 ఏళ్ల లోపు వివాహిత స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారు దేశం మొత్తంమీద 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. పెళ్లయిన ఆడవాళ్లు ఇరవైమంది మీ గదిలోకి వస్తే, ఆ లెక్కన అందులో ఆరేడుగురు ఈ బాధ పడినవారే, లేదా పడుతున్నవారే. హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవారు దేశంలో 14 శాతమే. 77 శాతం మంది సాయమూ అడగలేదు, సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడమో, వంట సరిగా చేయకపోవడమో, అత్తమామలను గౌరవించకపోవడమో, ఏదో ఒక కారణం ఉంటే భార్యను కొట్టడం సమంజసమేనని ఆ సర్వేలో చెప్పిన స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. తాను తింటున్న దెబ్బలకు తానే కారణమని నమ్మే మనిషి వాటి గురించి డాక్టరు దగ్గర తనంతట తాను నోరు విప్పుతుందని అనుకోవడం సాధ్యమా? కాబట్టి అడగవలసింది మీరే.

2. ఒక చిన్న పట్టణం నుంచి మా దగ్గరికి వచ్చిన గృహిణి, మందుల షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరులో తన చీటీలన్నీ దాచుకుని తెచ్చింది. అన్నీ ఒకే క్లినిక్కువి. ఆ ఇంటిల్లిపాదికీ ఆ డాక్టరుగారే చూస్తారు; మామగారి షుగరుకూ ఆయనే, పిల్లల జ్వరాలకూ ఆయనే. ఒక చీటీలో తలనొప్పి. మరొకదాంట్లో నిద్ర పట్టకపోవడం, దానికి నిద్రమాత్రలు. ఇంకొకదాంట్లో ఎడమ చెవి నొప్పి, కర్ణభేరికి చిల్లు, చుక్కల మందు. వేరొకదాంట్లో కుడి మణికట్టు వాపు, పక్కనే ‘బాత్రూంలో జారిపడింది’ అని రాత. రెండు మూడింటిలో నీరసం, సెలైను, బలానికి ఇంజెక్షను. విడివిడిగా చూస్తే ప్రతి జబ్బుకూ తగిన మందే ఇచ్చారు. తేదీల వారీగా బల్ల మీద పరిస్తే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. ఎదురుగా నిలబడినవాడు కుడిచేత్తో చెంప మీద గట్టిగా కొడితే చిల్లుపడేది ఎడమ చెవికే. కోర్టులో ఎదుటి పక్షం న్యాయవాది ఆ చీటీలు ఒక్కొక్కటీ చదివి, భర్త కొట్టినట్లు ఇందులో ఎక్కడుందో చూపించమన్నారు. చూపించడానికి ఏమీ లేకపోయింది. పైగా, జారిపడిందని రాసి ఉన్న చీటీ ఆమె మాటకే అడ్డం తిరిగింది. క్లినిక్కుకు వెళ్లిన ప్రతిసారీ భర్త పక్కనే ఉండేవాడని, డాక్టరుగారి ప్రశ్నలకు తన బదులు అతనే జవాబు చెప్పేవాడని ఆమె మాతో అన్నది. ఆయన ఒక్కసారి అతన్ని బయట కూర్చోమని ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నండీ అని కూడా అన్నది.

3. గుర్తుపట్టడానికి ఆనవాళ్లు ఉన్నాయి. వీటిలో చాలావరకు ఈ కేసుల్లో సాక్ష్యం చెప్పిన వైద్యుల వల్లే మాకు తెలిశాయి. ప్రమాదవశాత్తూ పడినవారికి సాధారణంగా మోకాళ్లు, మోచేతులు, అరచేతులు దోక్కుపోతాయి. కొట్టినప్పుడు ముఖం, మెడ, రొమ్ము, పొట్ట, వీపు దెబ్బతింటాయి, అంటే ఎక్కువగా బట్టల చాటున ఉండే చోట్లు. దెబ్బ కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ముంజేతికి చిటికెనవేలి వైపున కమిలిన గుర్తులు పడతాయి. ఒకేసారి రకరకాల రంగుల్లో ఉన్న కమిలిన మచ్చలు, దెబ్బ తగిలిన రెండు మూడు రోజులకు గానీ రాకపోవడం, చెప్పే కారణానికీ గాయానికీ పొంతన కుదరకపోవడం, వెంట వచ్చినవాడు గది వదలకపోవడం, చికిత్స మధ్యలో మానేయడం గమనించదగినవి. అయితే ఎక్కువమంది గాయంతో రారు. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకని తలనొప్పి, నడుంనొప్పి, పొత్తికడుపు నొప్పి, మళ్లీమళ్లీ వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, నిద్రలేమి, గుండెదడ, దిగులు, ఊరికే కళ్లనీళ్లు, వీటితోనే వస్తారు. స్కానింగులూ రక్తపరీక్షలూ అన్నీ బాగున్నాయని తేలాక, ‘మీకేం జబ్బు లేదమ్మా, ఊరికే ఆలోచించకండి’ అని పంపేస్తున్న ఘట్టం దగ్గరే ఒక ప్రశ్న అడగవలసి ఉంది.

4. గొంతు నులమడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెడ మీద వేలిముద్రలు లేవు గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. చాలాసార్లు పైకి ఏ గుర్తూ ఉండదు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్లలో ఎర్రని రక్తపు చారలు, కనురెప్పల మీద సన్నని ఎర్ర చుక్కలు, ఆ సమయంలో స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పోవడం వంటివి అడిగి తెలుసుకోవలసినవి. మెడలోని రక్తనాళం లోపల చీలి కొన్ని రోజుల తర్వాత పక్షవాతం వచ్చే అవకాశం ఉంది. ఒకసారి గొంతు పట్టుకున్న భర్త చేతిలో ఆమె ముందుముందు ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మా దగ్గరి చీటీల్లో ఇలాంటి రాత్రి తర్వాత రాసినవాటిలో ‘గొంతునొప్పి’ అని, దానికి యాంటీబయాటిక్ అని ఉంది.

5. పురుగుమందు తాగిన, జుట్టుకు వేసుకునే రంగు తాగిన ఆడవాళ్లను మన ప్రాంతపు ఆసుపత్రులు తరచూ చూస్తాయి. మర్నాడు పత్రికల్లో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న వాక్యం వస్తుంది. కేసు షీటులోనూ చాలాసార్లు అదే ఉంటుంది. ఎందుకంటే ఆ వివరం చెప్పింది వెంట వచ్చిన భర్తో అత్తో. ప్రాణం దక్కాక, వార్డులో ఎవరూ లేని సమయం చూసి, ‘ఇంతదాకా ఎందుకొచ్చిందమ్మా, ఇంట్లో ఏం జరుగుతోంది’ అని అడిగినవారు అరుదు. కడుపునొప్పికి మందు రాసి అదే ఇంటికి పంపుతాం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, శిక్షించరాదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 115వ సెక్షను చెబుతోంది గనుక, నిజం చెబితే ఆమె మీదే కేసు పడుతుందన్న భయం ఇప్పుడు అక్కరలేదు. ఆ సంగతి ఆమెకు మీ నోట తెలియాలి. ఇక్కడే ఇంకొక విన్నపం: దిగులుతో, నిద్రలేమితో వచ్చిన స్త్రీకి కారణం అడగకుండా నెల రోజుల నిద్రమాత్రలు ఒకేసారి రాయడం ఆమె చేతికి ప్రమాదాన్ని అందించడమే.

6. గర్భం హింసను ఆపదు. కాన్పు కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం, మాటిమాటికీ గర్భస్రావం, నెలలు నిండాక గానీ మొదటి పరీక్షకు రాకపోవడం, గర్భనిరోధక మాత్రలు భర్త పారేశాడని చెప్పడం, ఇవన్నీ ఆరా తీయవలసిన సందర్భాలు. వయోజనురాలైన స్త్రీ చట్టబద్ధమైన గర్భస్రావానికి ఆమె ఒక్కతె సమ్మతి చాలునని 1971 నాటి చట్టమే చెబుతున్నా, భర్త సంతకం లేనిదే చేయమని తిప్పిపంపే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గర్భం బలవంతం వల్ల వచ్చినదైతే ఆమె సంతకం కోసం వెళ్లవలసింది బలవంతపెట్టినవాడి దగ్గరికే. భర్త చేసే లైంగిక హింసను మన శిక్షాస్మృతి ఇంకా పూర్తిగా నేరంగా చూడకపోయినా, గృహ హింస చట్టం 3వ సెక్షను దాన్ని హింసగానే గుర్తించింది. అయిదు రోజుల లోపు అత్యవసర గర్భనిరోధకం, అవసరమైతే 72 గంటల లోపు హెచ్‌ఐవీ నివారణ మందులు ఇవ్వడానికి ‘భర్తే కదా’ అన్న ఆలోచన అడ్డు రాకూడదు. 18 ఏళ్లు నిండని భార్య విషయంలో భర్త లైంగిక చర్య, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద నేరం, సమాచారం ఇవ్వడం మీ విధి. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి 18 ఏళ్ల లోపే పెళ్లయిందని అదే సర్వే చెబుతోంది గనుక ఇది ఎక్కడో అరుదుగా ఎదురయ్యే సమస్య అనుకోలేం.

7. ధైర్యం చేసి చెప్పిన స్త్రీకి ‘పిల్లల మొహం చూసి సర్దుకుపో తల్లీ’ అనో, ‘తాగినప్పుడే కదా, మానిపిద్దాంలే’ అనో జవాబు వస్తోంది. ఇంకా ప్రమాదకరమైనది, మంచి మనసుతోనే అయినా, భర్తను పిలిపించి మందలించడం. కుటుంబ వైద్యుడిగా ఆ ఇంట్లో మీకున్న గౌరవంతో అతను మీ ముందు తల వంచుకుంటాడు. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక, ‘డాక్టరుకు చెప్పి నా పరువు తీస్తావా’ అని కొడతాడు. ఆ తర్వాత ఆమె మీ గడప తొక్కదు.

చట్టం మీకు అప్పగించిన పని, ఇచ్చిన రక్షణ ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుందన్న భయమే చాలామంది వైద్యుల కలాన్ని ఆపుతోందని మాకు తెలుసు. 2005 నాటి గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. గృహ హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా, బాధితులకు సాయపడడానికి ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి తెలియజేయవచ్చని, సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని 4వ సెక్షను చెబుతోంది. బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి, సేవాసంస్థ గానీ కోరితే వైద్య సహాయం అందించి తీరాలని 7వ సెక్షను. ముందుగా గృహ హింస నివేదిక లేదన్న కారణంతో చికిత్స నిరాకరించరాదని, నివేదిక లేకపోతే ఆసుపత్రి బాధ్యులే ఒకటో నంబరు ఫారం నింపి రక్షణాధికారికి పంపాలని, పరీక్ష నివేదిక ప్రతిని ఆమెకు ఉచితంగా ఇవ్వాలని 2006 నాటి నియమావళి 17వ నిబంధన. ఈ ఫారం పేరైనా విన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు నాకింతవరకు తారసపడలేదు. 20వ సెక్షను కింద ఆమె వైద్య ఖర్చులు రాబట్టుకోవాలన్నా, 18వ సెక్షను కింద రక్షణ ఉత్తర్వు పొందాలన్నా మొదట అడిగేది మీరు రాసిన కాగితాన్నే. సాక్ష్యాన్ని ఆడియో వీడియో మార్గంలో చెప్పే వీలును 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కల్పించింది గనుక, పని మానుకుని కోర్టు వరండాలో నిలబడవలసిన అవసరం కూడా తగ్గుతుంది.

ఇక ఆమె మీ ఎదుట కూర్చున్నప్పుడు ఏం చేయవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్యుల కోసం మార్గదర్శకాలు ప్రకటించింది. వచ్చిన ప్రతి స్త్రీనీ యాంత్రికంగా ప్రశ్నించమని ఆ సంస్థ చెప్పలేదు. హింస వల్ల రాగల, హింస వల్ల ముదరగల లక్షణాలు కనిపించినప్పుడు, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే అడగమంది. ఏకాంతం కల్పించడం కష్టమని వైద్యులు అంటారు. పరీక్ష సమయంలో రోగి తప్ప వేరెవరూ గదిలో ఉండరాదన్న నియమాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తే, బయట ఒక బోర్డు పెడితే, ఏ భర్తకూ అనుమానం రాదు. పురుష వైద్యుడైతే నర్సు తోడుండాలి. ఆ నర్సు ఆ ఊరి కోడలో, ఆ ఇంటి బంధువో కాకుండా చూసుకోవాలి, ఆశా కార్యకర్త విషయంలోనూ అంతే. గుడ్డ తెర చాటున మాట్లాడితే మాటలు బయటికి వినిపిస్తాయి. గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడే స్త్రీ వస్తే భర్తనో, స్కూలుకెళ్లే కొడుకునో దుబాసీగా పెట్టుకోవద్దు.

ప్రశ్నను నేరుగా, మెత్తగా అడగవచ్చు: ‘ఇలాంటి నొప్పులతో వచ్చేవాళ్లలో కొంతమందికి ఇంట్లో ఇబ్బంది ఉంటోందమ్మా. మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొట్టడం గానీ, భయపెట్టడం గానీ చేస్తున్నారా?’ లేదని ఆమె అంటే అక్కడితో ఆపేయాలి. ఎప్పుడు చెప్పాలనిపించినా వినడానికి నేనున్నానని ఒక మాట అంటే చాలు. నాలుగోసారి వచ్చినప్పుడు చెప్పినవాళ్లున్నారు. అవునంటే, అడ్డుపడకుండా వినాలి, ఇప్పుడు ఆమెకు ఏది అవసరమో అడగాలి, ఆమెను నమ్ముతున్నట్లు తెలియజేయాలి, ఈ రాత్రి ఆమె భద్రత గురించి ఆలోచించాలి, సాయం దొరికే చోటుకు దారి చూపాలి. ‘ఇందులో మీ తప్పేమీ లేదమ్మా’ అన్న మాట ఒక డాక్టరు నోట వినడం ఆమెకు అదే మొదటిసారి కావచ్చు.

ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిపుస్తకంలో కొన్ని ప్రశ్నలున్నాయి. గడచిన ఆరు నెలల్లో కొట్టడం ఎక్కువైందా? కత్తి వంటిదేదైనా చూపించి బెదిరించాడా? గొంతు నులిమాడా? గర్భంతో ఉండగా కొట్టాడా? విపరీతమైన అనుమానమా? చంపేస్తాడని మీకు అనిపిస్తోందా? వీటిలో మూడింటికి అవునని జవాబు వస్తే ప్రాణాపాయం చాలా దగ్గర్లో ఉన్నట్లు లెక్క. ఆమెను అలాగే ఇంటికి పంపకూడదు. 181 మహిళా హెల్ప్‌లైను, 112 అత్యవసర నంబరు, తాత్కాలిక ఆశ్రయం, న్యాయ సలహా ఒకేచోట దొరికే సఖి కేంద్రం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ (15100) ఉన్నాయి. ప్రమాదం అంత దగ్గర్లో లేనప్పుడు, ఇల్లు వదిలి వచ్చేయమని ఆమెను తొందరపెట్టవద్దు. వదిలి వెళ్లే సమయంలోనే దాడులు తీవ్రమవుతాయి, ఎప్పుడు కదలాలో ఆమెకే తెలుసు. నంబర్లున్న కరపత్రం ఆమె చేతిలో పెడితే ఇంట్లో దొరికిపోతుంది. మీ రికార్డులో ఉన్న ఫోను నంబరు చాలాసార్లు భర్తదే, ల్యాబు రిపోర్టులు వాట్సాప్‌లో వెళ్లేది అతనికే. అందుకని ఏ నంబరుకు చేస్తే ఇబ్బంది ఉండదో ముందే అడగండి.

చివరగా రాత. ఎవరు, ఎప్పుడు, దేనితో కొట్టారని ఆమె చెప్పిందో ఆమె మాటల్లోనే రాయాలి. గాయం ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు అన్నది, వీలైతే శరీరపు బొమ్మ మీద గుర్తుపెట్టి, నమోదు చేయాలి. రంగును బట్టి గాయం వయసు కచ్చితంగా చెప్పలేమని వైద్యులే అంటారు గనుక ఉన్న రంగు రాస్తే చాలు. ఆమె చెప్పిన కారణానికి గాయం సరిపోతోందా లేదా అన్న మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో. ఫొటో తీస్తే ఆమె అనుమతితోనే. ఇంటికి తీసుకెళ్లే చీటీలో జబ్బు, మందు మాత్రమే ఉంచి, ఈ వివరాలన్నీ మీ దగ్గర ఉండే రికార్డులో భద్రపరచి, ఆమె అడిగిన రోజున ప్రతి ఇవ్వడం క్షేమం. దీనికంతకూ పట్టేది పది నిమిషాలు. కోర్టులో ఆ పేజీ ఒక్కటి ఉంటే ఆ గృహిణి కేసు వేరే దారిలో నడిచేది.

ఈ వాస్తవాల దృష్ట్యా మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో, బస్తీ, పల్లె దవాఖానాలో రోగిని ఏకాంతంగా పరీక్షించాలన్న నియమాన్ని ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా తప్పనిసరి చేయాలి. ప్రైవేటు క్లినిక్కులు దాన్ని పాటించేలా వైద్యుల సంఘాలు తమ సభ్యులకు సూచించాలి.

2. గృహ హింస గాయాలకు, ఫిర్యాదులకు రెండు రాష్ట్రాల్లోనూ ఒకే నమూనా నమోదు పత్రాన్ని తెలుగులో, తెలంగాణలో ఉర్దూలో కూడా, శరీరపు బొమ్మతో సహా రూపొందించి పంపాలి. దానితోపాటే ఒకటో నంబరు ఫారం ప్రతులు, ఆ ప్రాంతపు రక్షణాధికారి పేరు, ఫోను నంబరు ప్రతి వైద్యుడి బల్ల మీద ఉండాలి. అధికారి మారినప్పుడు నంబరు మార్చే బాధ్యత ఎవరిదో కూడా ఉత్తర్వులోనే రాయాలి. మా అనుభవంలో ఆ నంబర్లు పాతబడి మోగకుండా ఉంటాయి.

3. గృహ హింస చట్టం కింద వైద్య సదుపాయాలుగా ప్రకటితమైన ఆసుపత్రుల జాబితాను జిల్లాలవారీగా బయటపెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నీ అందులో ఉండాలి.

4. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న మొదలైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుణ్ని నెలకు రెండుసార్లు పల్లెకు తీసుకెళ్లడానికి ఉద్దేశించినది. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాలను స్త్రీల పరీక్షలకు కేటాయించింది. ఇంటి నుంచి కదలనివ్వని స్త్రీ సైతం అనుమానం రాకుండా డాక్టరును కలవగల సందర్భాలు ఇవే. గ్రామానికి వెళ్లే వైద్యుల విధుల్లోనూ, మంగళవారపు పరీక్షల జాబితాలోనూ హింస గురించి ఆరా తీయడం, నమోదు చేయడం స్పష్టంగా చేర్చాలి. గర్భిణుల పరీక్షల్లో కూడా.

5. శిక్షణ ఇవ్వాలి. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్లకు, కుటుంబ వైద్యంలో పీజీ చేస్తున్నవారికి, పనిలో ఉన్న వైద్యులకు, నర్సులకు, ఏఎన్ఎంలకు, ఏడాదికి ఒకసారైనా, ఉపన్యాసంతో సరిపెట్టకుండా ప్రశ్న అడగడం అభ్యాసం చేయించే శిక్షణ. పల్లెల్లో మొదట చూసేది ఆర్‌ఎంపీలే గనుక, చికిత్స చేయడానికి కాకపోయినా, గుర్తించి పైకి పంపడానికి, విషయం బయటపెట్టకుండా ఉండడానికి వారికి కూడా అవగాహన కల్పించాలి.

6. ముంబయిలో బాంద్రాలోని భాభా మున్సిపల్ ఆసుపత్రిలో 2000 సంవత్సరంలో నగరపాలక సంస్థ, సేహత్ అనే సంస్థ కలిసి ‘దిలాసా’ విభాగాన్ని ప్రారంభించాయి. ఓపీలో అనుమానం వచ్చిన వైద్యుడు పక్క గదిలోని కౌన్సెలరు దగ్గరికి పంపితే చాలు. ఆ పద్ధతి తర్వాత ఇతర ఆసుపత్రులకూ విస్తరించింది. కేరళలో ఇదే పనికి ‘భూమిక’ కేంద్రాలున్నాయి. మన జిల్లా, ఏరియా ఆసుపత్రుల ఆవరణల్లోనే, పగలూ రాత్రీ మనిషి ఉండే ఇటువంటి గది కావాలి. సఖి కేంద్రం ఊరికి అవతల ఎక్కడో ఉంటే, గంట సేపటికి మించి బయట ఉండలేని స్త్రీకి అది ఉన్నా లేనట్లే.

7. సాక్ష్యం చెప్పవలసిన వైద్యులకు వీడియో ద్వారా హాజరయ్యే వీలును ప్రతి జిల్లాలో ఆచరణలోకి తేవడానికి వైద్య ఆరోగ్య శాఖ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలిసి ఏర్పాటు చేయాలి.

8. నిద్రమాత్రలు ఒకేసారి ఎన్ని రోజులకు రాయవచ్చో, విషం తాగి కోలుకున్న ప్రతి స్త్రీతో ఇంటికి పంపేముందు ఏకాంతంగా ఎవరు మాట్లాడాలో లిఖితపూర్వక సూచనలు జారీ చేయాలి.

వీటిలో మొదటి రెండింటికీ ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఒక ఉత్తర్వు, ఒక ముద్రిత పత్రం చాలు. ఈ లేఖ వెలువడిన నెల రోజుల్లోగా ఏ పని ఏ తేదీకి మొదలుపెడతారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలనూ, వైద్యుల సంఘాలనూ కోరుతున్నాం. శిక్షణ తరగతుల్లో చట్టం గురించి చెప్పడానికి, నమోదు పత్రం ముసాయిదా తయారుచేయడానికి మాలోని న్యాయవాదులు, కౌన్సెలర్లు పారితోషికం లేకుండా రావడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
గృహ హింస కేసుల్లో బాధిత మహిళల తరఫున పనిచేస్తున్న ఒక న్యాయవాది,
సహచర కౌన్సెలర్లు, కార్యకర్తల తరఫున కూడా